కొసరుగా వచ్చిన ఐదో పిచ్చుక

వాక్యభాగాలు: మత్తయి 10:29-31, లూకా 12:6-7, యెషయా 41:14-15, అపొస్తలుల కార్యములు 9:26-27

ఈ వారం వీడియో పాఠంలో సమయం చాలక పైపైన చెప్పి వదిలేసిన సంగతి ఒకటుంది. దాన్ని ఇక్కడ నిదానంగా చూద్దాం. బైబిలు దగ్గర పెట్టుకోండి. మత్తయిలో ఒక వేలు, లూకాలో ఒక వేలు పెట్టుకుని చదవాల్సిన పాఠం ఇది.

ముందు మన మదనపల్లె టమోటా మార్కెట్‌కు పోయి వద్దాం. పొద్దున్నే క్రేట్లు దిగుతాయి, వేలం పాట మొదలవుతుంది, మొదటి రకం ఒక పక్క, రెండో రకం ఒక పక్క. 2023 జులైలో ఏం జరిగిందో గుర్తుంది గదా. కిలో వంద దాటింది, నెలాఖరుకు రెండు వందల దరిదాపులకు పోయింది. రాత్రిపూట తోటల్లో కాపలా పడుకున్నారు జనం. ఆ తర్వాత కొన్ని వారాలకే ధర దిగిపోయింది. అంతకుముందు కూడా, కోత కూలి, బండి బాడుగ కూడా రావని కాయను రోడ్డు పక్కన పారబోసిన సంవత్సరాలు మనవాళ్ళకు కొత్త కాదు. ఒక్కటి ఆలోచించండి. రెండు వందలు పలికిన రోజు కాయలో రుచి ఏమన్నా పెరిగిందా? పారబోసిన రోజు కాయలో రసం ఏమన్నా తగ్గిందా? కాయ అదే. మారింది ధర మాత్రమే. ఎన్ని లారీలు వచ్చినాయి, ఎంతమంది కొనేవాళ్ళు నిలబడినారు అన్న లెక్క మీద ధర నడుస్తుంది. కాయ లోపల ఏముందో దానికి పట్టదు.

మనుషులకు కూడా మనం ఇట్లాంటి ధరే కట్టుకుంటా ఉన్నాం. పదో తరగతి రెండోసారి తప్పిన అబ్బాయి, ముగ్గురు నలుగురు వచ్చి చూసిపోయి కబురు చెప్పకుండా ఊరుకున్న ఆడపిల్ల, ఎన్ని పరీక్షలు రాసినా ఉద్యోగం రాక ఇంట్లో అన్నం తినడానికి కూడా సిగ్గుపడే డిగ్రీ కుర్రోడు, పంట పోయి అప్పులోళ్ళ ముందు తల ఎత్తలేని రైతు. కాలనీ నుంచి వచ్చినాడని ఇంటిపేరు అడిగిన తర్వాత గొంతు మార్చి మాట్లాడే వాళ్ళ మధ్య పెరిగిన పిల్లలు. వీళ్ళందరూ ఏదో ఒక రోజు మనసులో ఒకే మాట అనుకుంటారు, నేను దేనికీ పనికిరాను అని. మార్కెట్ చెప్పిన ధరను తమ విలువ అనుకుని నమ్మేస్తారు. ఇది చిన్న విషయం కాదు. ఆ మాట నమ్మి ప్రాణాలు తీసుకున్న వాళ్ళు మన మండలాల్లో, మన సంఘాల్లో కూడా ఉన్నారు.

ఇప్పుడు వాక్యానికి వద్దాం. మత్తయి 10:29 తీయండి. అక్కడ యేసు ప్రభువు పిచ్చుకల ధర చెబుతా ఉన్నాడు: ఒక కాసుకు రెండు. ఇప్పుడు లూకా 12:6 తీయండి. అక్కడ రెండు కాసులకు ఎన్ని? నాలుగు రావాలి. కానీ ఐదు అని ఉంది. చాలామంది ఇక్కడ ఆగరు, చదువుకుంటూ పోతారు. సంతకు పోయే అలవాటున్న మన తల్లులైతే మాత్రం వెంటనే పట్టుకుంటారు. ఆ ఐదోది కొసరు! రెండు కాసులకు తీసుకుంటే పైన ఒకటి ఊరికే ఇస్తారు. కరివేపాకు రెమ్మ వేసినట్టు వేస్తారు. దానికి ధరే లేదు.

ఆ కాసు ఎంతటిదో కూడా తెలుసుకోవాలి. అది రోమా వాళ్ళ చిన్న రాగి నాణెం. ఒక కూలివాని దినసరి కూలి ఒక దేనారము. అందులో పదహారో వంతు ఈ కాసు. మాంసం కొనలేని పేదవాళ్ళు కొనుక్కునే తిండి పిచ్చుక. ఆ పేదవాని సంతలో కూడా విడిగా ధర పలకనిది ఐదో పిచ్చుక. లూకాలో ప్రభువు అంటున్నది, ఆ ఐదింటిలో ఒక్కటి కూడా దేవుని ఎదుట మరువబడలేదని. సంతలో అమ్మేవానికి అది గుర్తుండదు, కొన్నవానికి గుర్తుండదు, దేవునికి గుర్తుంది. వెంటనే ఆయన మన తల వెంట్రుకల లెక్క సంగతి చెప్పి, భయపడవద్దని, అనేక పిచ్చుకల కంటే మనం శ్రేష్ఠులమని చెబుతాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పిచ్చుక నేల పడదు అని ప్రభువు చెప్పలేదు. తండ్రికి తెలియకుండా, తండ్రి లేకుండా పడదు అన్నాడు. ఈ మాటలు ఎవరితో చెప్పినాడో చూడండి. మత్తయి 10లో ఆయన శిష్యులను పంపిస్తా ఉన్నాడు, మిమ్మల్ని కొడతారు, సభలకు అప్పగిస్తారు అని ముందే చెప్పి పంపిస్తా ఉన్నాడు. కాబట్టి ఇది 'నీకు ఏ నష్టం రాదు' అనే వాగ్దానం కాదు. నీ పంట పోవచ్చు, నీ పరీక్ష పోవచ్చు. అవి పోయిన రోజు కూడా తండ్రి లెక్కలో నీ పేరు తగ్గదు.

ఈ మధ్య కొన్ని బోధలు వింటుంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. 'నువ్వు తలవు, తోకవు కాదు' అని వంద సార్లు గట్టిగా చెప్పమంటారు. ద్వితీయోపదేశకాండము 28లో ఆ మాట ఉంది, నిజమే. అది ఇశ్రాయేలు జనాంగమంతటికీ ఆజ్ఞలు గైకొనే విషయంలో చెప్పిన మాట. దాన్ని తీసుకొచ్చి, ఈ సంవత్సరం నీకు కారు వస్తే నువ్వు తల, రాకపోతే నీ విశ్వాసంలో లోపం అన్నట్టు చెబితే, మనం మళ్ళా మదనపల్లె మార్కెట్‌కే పోయినట్టు. ధర పలకే బోర్డు మాత్రం గుడిలో పెట్టుకున్నాం, అంతే తేడా.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఇంకొక అలవాటు మనలో ఉంది. ప్రార్థనలో 'పురుగువంటి దాన్ని తండ్రీ, దుమ్ములాంటి వాణ్ణి ప్రభువా' అంటూ మొదలుపెడతాం. దేవుని ఎదుట తగ్గించుకోవడం మంచిదే. అయితే ఆ పురుగు అనే మాట బైబిల్లో ఎక్కడుందో ఎప్పుడైనా తీసి చూసినారా? యెషయా 41:14. అక్కడ దేవుడే యాకోబును పురుగు అంటాడు. అదే వచనంలో భయపడవద్దు, నేను నీకు సహాయం చేస్తాను అంటాడు. తర్వాతి వచనం ఇంకా ఆశ్చర్యం. ఆ పురుగును పదునైన పళ్ళున్న కొత్త నూర్పిడి మ్రానుగా చేస్తానంటాడు, కొండలను నూర్చేంతటి దానిగా! కళ్ళం తెలిసిన వాళ్ళకు ఈ పోలిక బాగా అర్థమవుతుంది. మనం మాత్రం 14వ వచనంలో మొదటి మాట పట్టుకుని, మిగతాది వదిలేసి, ఇరవై ఏళ్ళుగా అక్కడే కూర్చున్నాం. వినయం అంటే దేవుడు చెప్పింది ఒప్పుకోవడం. ఆయన 'సహాయం చేస్తాను, వాడుకుంటాను' అన్న తర్వాత కూడా 'లేదు లేదు, నేను పురుగునే' అని పట్టుబట్టడం వినయం ఎలా అవుతుంది?

సరే, దేవుని ఎదుట నాకు విలువ ఉందని వాక్యం చెబుతుంది, నమ్ముతాను. మరి లోపల ఆ మాట ఎందుకు నిలబడదు? చాలామంది అడిగే ప్రశ్న ఇది. దీనికి నాకు తెలిసిన జవాబు, దేవుడు ఆ మాటను చాలాసార్లు ఒక మనిషి చేతికిచ్చి పంపిస్తాడు. వాక్యం చదివితే సగం దిగుతుంది. ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటే మిగతా సగం దిగుతుంది.

మన ప్రాంతంలోనే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం అందరికీ తెలుసు. ఇప్పటి పిల్లలకు అది ఒక ఆసుపత్రి, ఒక బస్ స్టాప్. 1912లో అనేక మిషన్లు కలిసి క్షయ రోగుల కోసం దాన్ని ప్రారంభించినాయి. అందుకే యూనియన్ మిషన్ శానిటోరియం అని పేరు. డెన్మార్క్ దేశం నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ గారు దానికి నాయకత్వం వహించినారు. ఆ సంవత్సరం గమనించండి. క్షయను చంపే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1940లలో. అంటే మొదటి ముప్ఫై ఏళ్ళు అక్కడి డాక్టర్ల చేతిలో ఆ క్రిమిని చంపే మందు లేదు!

మరి ఏం చేసేవాళ్ళు? శానిటోరియం వైద్యం అంటే విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి, రోజూ జ్వరం చూసి రాసుకోవడం, ఓపిక వచ్చే కొద్దీ కొంచెం కొంచెం నడిపించడం. ఆ రోజుల్లో క్షయ వచ్చిందంటే ఆ మనిషి బతికుండగానే ఇంట్లో లెక్క తీసేసేవాళ్ళు. కంచం వేరు, పడక వేరు, ఆ ఇంటి పిల్లలకు సంబంధాలు రావు. అట్లాంటి వాళ్ళను పిలిచి, మంచం వేసి, పేరు పెట్టి పలకరించి, ఈ రోజు నీకు జ్వరం ఎంతుంది అని రోజూ అడిగే చోటు ఒకటి కొండ పక్కన పెట్టినారు. మందు లేని రోజుల్లో ఆ అడగడంలోనే ఎంతో వైద్యం ఉందని నేను అనుకుంటాను. అక్కడ అందరూ బాగుపడినారని చెప్పను, చాలామంది బతకలేదు కూడా. బతకని వాళ్ళు కూడా పారేసిన మనుషుల్లాగా పోలేదు.

ఆ పని అక్కడితో ఆగలేదు. మన దేశంలో బీసీజీ టీకా మొదటగా వేయడం ప్రారంభించింది 1948 ఆగస్టులో, మదనపల్లెలోనే. మీ భుజం మీద చిన్న మచ్చ ఉందేమో ఒకసారి చూసుకోండి. మీరు చదవకముందు, సంపాదించకముందు, ఒక్క మాట కూడా మాట్లాడకముందు, ఈ బిడ్డ బతకాలి అని ఎవరో తలచిన గుర్తు అది. అక్కడ పనిచేసిన డాక్టర్ పి. వి. బెంజమిన్ గారు తర్వాత కేంద్ర ప్రభుత్వానికి క్షయ వ్యాధి సలహాదారు అయినారు.

ఇంకొక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. మద్రాసులో జరిగి 1959లో ప్రచురితమైన పరిశోధన ఒకటి, మందులు సరిగ్గా వాడితే ఇంటి దగ్గర ఉన్న రోగికి కూడా శానిటోరియంలో ఉన్నంత మేలు జరుగుతుందని తేల్చింది. అప్పటినుంచి రోగి మంచం కొండ దిగి మన ఇళ్ళలోకి వచ్చింది. అంటే పక్కన కూర్చునే పని కూడా నర్సమ్మ చేతిలో నుంచి మన చేతికి వచ్చింది. ఈ రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ మందులు ఉచితం. ఆ జబ్బు గాలి ద్వారా వస్తుంది, కంచం ద్వారా కాదు. సరిగ్గా మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే అంటే గుణం బాగా తగ్గిపోతుంది. అయినా సంఘంలో ఒకరికి టీబీ అని తెలిస్తే రెండు వరసలు వెనక్కి జరిగి కూర్చునే వాళ్ళను చూస్తా ఉన్నాం. మందు దొరికింది గానీ, మనం ఇంకా దగ్గరికి జరగలేదు.

ఇప్పుడు బర్నబా దగ్గరికి వద్దాం. అపొస్తలుల కార్యములు 4:36లో ఆయన అసలు పేరు యోసేపు, కుప్ర ద్వీపం వాడు. అపొస్తలులు ఆయనకు బర్నబా అని ముద్దుపేరు పెట్టినారు. మన తెలుగు బైబిల్లో దాని అర్థం దగ్గర 'హెచ్చరిక' అనే మాట వాడినారు. ఈ రోజుల్లో హెచ్చరిక అంటే మనకు ఏం గుర్తొస్తుంది? కరెంటు స్తంభం మీద ఎర్ర బోర్డు! ఆ పాత తెలుగులో హెచ్చరిక అంటే ధైర్యం చెప్పడం, ప్రోత్సహించడం, ఆదరించడం కూడా. మాట అర్థం మారిపోయింది. నాకేమో, మాటతో పాటు మనం కూడా మారిపోయినామేమో అనిపిస్తుంది. మన సంఘాల్లో ఎర్ర బోర్డు హెచ్చరికలకు కొదవ లేదు. ఆ బట్టలేంది, ఆ ఫోనేంది, ఆదివారం ఎందుకు రాలేదు. బర్నబా రకం హెచ్చరిక చేసేవాళ్ళు ఎంతమంది?

ఆయన ఏం చేసినాడో 9:26-27లో చూడండి. సౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వచ్చినాడు. ఎవరూ నమ్మలేదు, అందరూ భయపడినారు. వాళ్ళ భయంలో తప్పు లేదు కూడా, నిన్నటిదాకా వాళ్ళను చెరసాలలో వేయించిన మనిషి. బర్నబా ఏం చేసినాడు? 'సౌలా, అధైర్యపడకు, నీ కోసం ప్రార్థన చేస్తా ఉంటాం' అని భుజం తట్టి పోలేదు. అతణ్ణి వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి పోయినాడు. పోయి మూడు సంగతులు చెప్పినాడు: ఇతను దారిలో ప్రభువును చూసినాడు, ప్రభువు ఇతనితో మాట్లాడినాడు, దమస్కులో ఇతను ధైర్యంగా బోధించినాడు. 'మంచివాడు' అని ఊరికే పొగడలేదు. జరిగినవి జరిగినట్టు, అతణ్ణి నమ్మని వాళ్ళ ముందు నిలబడి చెప్పినాడు. తన మంచి పేరును అతనికి అప్పుగా ఇచ్చినాడు అనుకోండి. ఆ తర్వాత సౌలు తార్సుకు పోయి, అందరూ మర్చిపోయినట్టున్న సమయంలో కూడా, 11:25లో బర్నబాయే వెతుక్కుంటూ పోయి పిలుచుకొచ్చినాడు. పౌలు పత్రికలు మనం చదువుకుంటా ఉన్నామంటే, వాటి వెనక ఈ వెతుక్కుంటూ పోయిన మనిషి ఉన్నాడు.

మార్కు విషయంలో ఆయన పౌలుతోనే గొడవపడినాడు. మార్కు సగం దారిలో విడిచిపెట్టి పోయినాడు గనుక మళ్ళీ తీసుకుపోవడం పౌలుకు ఇష్టం లేదు. బర్నబా ఒప్పుకోలేదు, తీవ్రమైన వాదం జరిగి ఇద్దరూ విడిపోయినారు (15:37-39). చాలా ఏళ్ళ తర్వాత, చెరలో ఉన్న పౌలు రెండో తిమోతి 4:11లో మార్కును వెంటబెట్టుకుని రమ్మంటాడు, అతను తన పరిచర్యకు ప్రయోజనకరమైనవాడు అంటాడు. పనికిరాడు అన్న నోటితోనే పనికొస్తాడు అన్నాడు. ఈ రెండింటి మధ్య కాలంలో మార్కు చేయి వదలకుండా పట్టుకున్నది బర్నబా.

కుప్పం వైపు పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మూడు రాష్ట్రాల అంచున పుట్టి, తెలుగులో తమిళం, కన్నడం కలిపి మాట్లాడే మీరు, రైలెక్కి బెంగళూరు పోయి పని చేసేటప్పుడు మీ మాట విని నవ్వే వాళ్ళు ఉంటారు. నిర్గమకాండము 4:10 చదవండి. మోషే కూడా నాకు మాట సరిగ్గా రాదు అన్నాడు. దేవుడు అతని నాలుక మార్చలేదు. అహరోనును తోడు ఇచ్చినాడు. మూడు భాషలు పలికే నోరు తక్కువ నోరు ఎలా అవుతుందో నాకు మాత్రం అర్థం కాదు. ఆ కుప్పంలోనే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టినారు, ఈ భాషలన్నీ ఒకచోట చదువుకోవడానికే. పుంగనూరు ఆవు సంగతి మీకు వేరే చెప్పాలా? మూడడుగుల ఎత్తు కూడా లేని ఆవు మాకెందుకని మనమే వదిలేసినాం, జాతి అంతరించే దాకా వచ్చింది. ఇప్పుడు దాని ఫోటోలు దేశమంతా తిరుగుతా ఉన్నాయి, లక్షలు పలుకుతా ఉంది. ఆవు మాత్రం ఒక్క అంగుళం పెరగలేదు.

చివరగా, మనసు బాగా కుంగిపోయి ఇది చదువుతున్న వారికి. మొదటి రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగినాడు. కర్మెలు మీద అగ్ని దిగిన తర్వాత జరిగింది ఇది, విశ్వాసం లేనివాని కథ కాదు. దేవుడు అతణ్ణి గద్దించలేదు, ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చినాడు. దూతను పంపి రొట్టె, నీళ్ళు ఇప్పించినాడు. మళ్ళా నిద్రపోతే మళ్ళా లేపి తినిపించినాడు, ఈ ప్రయాణం నీ శక్తికి మించింది అని ఒప్పుకున్నాడు. మాట్లాడింది ఆ తర్వాత. ఆ అధ్యాయం ముగిసేసరికి ఎలీషాను తోడు ఇచ్చినాడు. కాబట్టి చనిపోవాలనే ఆలోచన వస్తా ఉంటే, అది నీ విశ్వాసం తక్కువై వచ్చిందని దాచుకోవద్దు. ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టర్‌కు చూపించండి. 14416 టెలీ మానస్ నంబరు, ఏ వేళైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. రొట్టె పంపిన దేవుడే మందు కూడా పంపుతాడు.

ఈ వారానికి పని ఒకటే. మీ సంఘంలోనో, వీధిలోనో, ఎవరి పేరు వచ్చినా పెదవి విరుస్తారో అట్లాంటి ఒక్కరిని తలచుకోండి. వాళ్ళు చేసిన మంచి పని, మీ కళ్ళతో చూసింది, ఒకటి గుర్తు చేసుకోండి. దాన్ని వాళ్ళతో చెప్పండి. వీలైతే పెదవి విరిచే వాళ్ళ ముందు కూడా చెప్పండి. వాట్సాప్‌లో గులాబీ పువ్వు మీద వచనం పంపడం దీని కింద లెక్కకు రాదు.

వచ్చే పాఠానికి ఫిలేమోను పత్రిక చదివి రండి. ఒక్కటే అధ్యాయం, 25 వచనాలు, టీ చల్లారే లోపల అయిపోతుంది. ఒనేసిము అనే బానిస పేరుకు 'ప్రయోజకుడు' అని అర్థం. 11వ వచనంలో పౌలు ఆ పేరును పట్టుకుని ఏమన్నాడో చూసి, మీ నోటు పుస్తకంలో రాసుకుని ఉంచండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.